ఎన్జీవో కంప్యూటర్లకో యాప్‌కో డబ్బడిగితే: ఇచ్చే ముందు ఏం చూడాలి, ఎలా చూడాలి

"ఇరవై ట్యాబ్‌లు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?" "యాప్‌కి ఎనిమిది లక్షలంటున్నారు, నిజంగా అంతవుతుందా?" నెలకొకరైనా నన్ను ఈ రెండింట్లో ఏదో ఒకటి అడుగుతారు. అడిగేవాళ్లలో కంపెనీల సీఎస్‌ఆర్ (సామాజిక బాధ్యత కింద పెట్టే డబ్బు) కమిటీల వాళ్లున్నారు, తాతల పేరున చిన్న ట్రస్టు నడిపేవాళ్లున్నారు, డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటూ సొంత ఊరి బడికి చందాలు పోగుచేసేవాళ్లున్నారు. విడివిడిగా జవాబు చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఒకేచోట రాస్తున్నాను.

నేను రెండు వైపులా కూర్చున్నాను. కొన్నేళ్లు ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున దరఖాస్తులు రాశాను, ఇప్పుడు ఒక చిన్న ట్రస్టు తరఫున వాటిని చదువుతున్నాను. చదవడం మొదలుపెట్టిన ఏడాదే ఒక ఆడపిల్లల హాస్టల్‌కి 20 ట్యాబ్‌లు ఇప్పించాను. ఎనిమిది నెలల తర్వాత చూడ్డానికి వెళ్తే వార్డెనమ్మ కొంగున కట్టుకున్న తాళం తీసి బీరువా తెరిచింది. ట్యాబ్‌లన్నీ డబ్బాల్లోనే ఉన్నాయి. స్క్రీను మీద ప్లాస్టిక్ పొర కూడా తీయలేదు. తప్పు ఆవిడది కాదు. స్టాక్ రిజిస్టర్‌లో ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నారు, ఏది పగిలినా జీతంలోంచి కోస్తామని. ఆ షరతు మీద సంతకం పెట్టినవాళ్లెవరైనా తాళమే వేస్తారు. నేను ఖరీదు చూశాను, మోడల్ చూశాను, మూడు కొటేషన్లు చూశాను. ఆ ఒక్క వాక్యం అడగలేదు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- సంస్థ రిజిస్ట్రేషన్, 12ఏ, 80జీ కాగితాలు (సంస్థకీ, దాతకీ ఆదాయపన్ను మినహాయింపువి), ఎన్జీవోలు నమోదయ్యే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ ఐడీ
- రెండేళ్ల ఆడిట్ లెక్కలు
- కొటేషన్లు, జీఎస్టీ కలిపి రాసినవి
- ఇప్పుడు ఆ పని ఏ పుస్తకంలో రాస్తున్నారో దాని రెండు పేజీల ఫొటో, పేర్లు కప్పేసి
- రోజూ ఆ పరికరం వాడబోయే మనిషి ఫోన్ నంబరు. డైరెక్టరుది కాదు, సెక్రటరీది కాదు.
- మీ సమయం ఒక పూట

అడిగింది లక్ష లోపైతే ఇదంతా వద్దు. 1 నుంచి 4 దాకా మెట్లు చూసి, 8వ మెట్టులో చెప్పిన లాంటి సంస్థైతే అది కూడా చూసి ఇచ్చేయండి. యాభై వేల కోసం ముప్పై పేజీల ఫారం నింపిస్తే ఆ నింపడానికి పెట్టిన జీతమే సగం సొమ్ము తినేస్తుంది.

1. డబ్బు ఏ దారిన వెళ్లాలో తేల్చుకోండి

ఇది విసుగు పుట్టించే మెట్టే. కానీ ఇక్కడ తప్పితే తర్వాత ఎంత మంచి పని చేసినా నోటీసులే మిగులుతాయి.

సీఎస్‌ఆర్ డబ్బైతే, తీసుకునే సంస్థకి సీఎస్‌ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి. ఆ డబ్బుతో కొన్న లాప్‌టాప్‌ల లాంటి ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. సీఎస్‌ఆర్ నంబరున్న ట్రస్టు, సొసైటీ, సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీల పేరున గానీ, లబ్ధిదారుల సంఘాల పేరున గానీ, ప్రభుత్వ సంస్థ పేరున గానీ ఉండాలి. "మూడేళ్లు మా పేరునే ఉంచుకుని తర్వాత ఇస్తాం" అనే ఏర్పాటు కుదరదు.

ఇక్కడే ఎక్కువమంది పడే పొరపాటు ఇంకొకటుంది. "సీఎస్‌ఆర్‌లో పాలనా ఖర్చు 5 శాతమే కదా, అందుకని కోఆర్డినేటర్ జీతం ఇవ్వలేం" అంటారు. ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద పరిమితి. ప్రాజెక్టు నడిపే మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చు. ఈ ఒక్క అపోహ వల్ల మనిషి లేని యంత్రాలు ఎన్ని ఊళ్లకి వెళ్లాయో!

విదేశాల్లో ఉన్నవాళ్లకి: మీరు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే) కార్డున్నా సరే, మీరిచ్చేది విదేశీ విరాళమే. సంస్థకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని వాళ్ల ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలోకే రావాలి. ఇంకా భారత పాస్‌పోర్టే ఉంటే, మీ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. మీ సంఘం ఖాతా నుంచి పంపితే మాత్రం లెక్క వేరు, సంఘం అక్కడ రిజిస్టరైంది కాబట్టి. ఇంకో సంగతి: 2020 సవరణ తర్వాత, ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థకి పంపి దాన్నుంచి మన ఊరి చిన్న సంస్థకి ఇప్పించే దారి మూసుకుపోయింది. ఎవరైనా "మేం చూసుకుంటాంలెండి" అంటే అక్కడే ఆగండి.

2. యంత్రం పేరు కొట్టేసి దరఖాస్తు చదవండి

పెన్ను తీసుకోండి. ట్యాబ్, యాప్, సాఫ్ట్‌వేర్, డిజిటల్, ఈమధ్య కొత్తగా ఏఐ, ఈ మాటలు ఎక్కడున్నా కొట్టేయండి. మిగిలింది చదవండి.

ఒక దరఖాస్తులో మిగిలేది ఇలా ఉంటుంది: "ద్వారా గ్రామీణ బాలికల సాధికారత, నూతన యుగం వైపు." అంటే ఏమీ మిగల్లేదు. ఇంకోదాంట్లో ఇలా: "ఆరు ఊళ్ల పిల్లల బరువులు నెలనెలా చేత్తో రాస్తున్నాం. నెలాఖరుకి ఇద్దరు రెండ్రోజులు కూర్చుని కూడుతున్నారు. బరువు తగ్గిన పిల్లాడి సంగతి మాకు తెలిసేసరికి ఐదు వారాలవుతోంది." దీనికి కంప్యూటరే జవాబో కాదో తర్వాత సంగతి. ఇబ్బంది మాత్రం నిజం.

మొదటి రకం చూడగానే తిరస్కరించకండి. చాలా సంస్థల్లో పని బాగా చేసేవాళ్లకి దరఖాస్తు రాయడం రాదు, అందుకని బయట ఎవరి చేతనో రాయించుకుంటారు. ఫోన్ చేసి తెలుగులో ఒక్కటే అడగండి: "ఇప్పుడు ఈ పని ఎవరు, ఎలా చేస్తున్నారమ్మా?" ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

3. వాడబోయే మనిషితో మాట్లాడండి

ఆ నంబరు అందుకే అడిగింది. డైరెక్టరు లేనప్పుడు మాట్లాడితే మంచిది. దొంగచాటుగా కాదు, ముందే చెప్పి. ఇవి అడగండి:

- మీ ఫోన్ ఏది? అందులో రోజూ ఏం వాడతారు?
- పని కోసం ఇప్పటికే ఎన్ని యాప్‌లు నింపుతున్నారు?
- కొత్తది వస్తే పాత రిజిస్టరు రాయడం ఆపేస్తారా, అదీ రాయాలా?
- మీ ఊళ్లో సిగ్నల్ ఎక్కడొస్తుంది?
- పరికరం పగిలితే ఎవరు కట్టాలి?

మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. "అదీ రాయాలండీ, ఆడిట్‌కి పుస్తకం కావాలి" అన్నారంటే మీరు వాళ్ల పని రెట్టింపు చేయబోతున్నారు. ఒక్కో దాత ఒక్కో యాప్ అంటగట్టడంతో ఒకే గర్భిణి వివరాలు మూడుచోట్ల ఎక్కించే ఫీల్డ్ కార్యకర్తలు నాకు తెలుసు. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లని వెనక్కి ఇచ్చేశారు. ఫోన్లు నాసిరకం, యాప్ చూస్తే ఇంగ్లీషులో. ముందుగా ఒక పదిమందిని ఇవే ప్రశ్నలు అడిగి ఉంటే అక్కడే బయటపడేది.

4. మూడేళ్ల లెక్క వేయించండి

కొటేషన్‌లో ఉండేది కొనే రోజు ఖర్చు. మూడేళ్ల ఖర్చు సంస్థ చేతే రాయించండి, మీరు రాయకండి. ఎలా ఉంటుందో చూడ్డానికి ఒక నమూనా వేస్తున్నాను. రేట్లు మీ దగ్గర వేరుగా ఉంటాయి.

అడిగింది: 20 ట్యాబ్‌లు, ఒక్కోటి 15,000. మొత్తం 3,00,000.

- 18 శాతం జీఎస్టీ కలిపితే 3,54,000
- కవర్లు, స్క్రీన్ గార్డులు: 16,000
- సిమ్ రీచార్జి నెలకి 250 చొప్పున, 20 సిమ్‌లు, మూడేళ్లు: 1,80,000
- రిపేర్లు, ఏడాదికి 35,000 చొప్పున: 1,05,000
- సగం రోజు పనిచేసే కోఆర్డినేటర్, నెలకి 12,000, మూడేళ్లు: 4,32,000
- శిక్షణ, మొదటి ఏడాది 20,000, తర్వాత ఏడాదికి 10,000: 40,000

కలిపితే 11,27,000. అడిగింది మూడు లక్షలు. మిగతా ఎనిమిది లక్షల పైచిలుకు ఎవరిస్తారని అడగండి. "చూసుకుంటాం" అన్నది జవాబు కాదు. మీ దగ్గర మూడు లక్షలే ఉంటే ఇరవై వద్దు, కోఆర్డినేటర్ పనిగంటలూ శిక్షణా ఆ మేరకు తగ్గించి, ఐదు ట్యాబ్‌లకి మూడేళ్ల ఖర్చంతా ఇవ్వండి. ఫొటో అంత ఘనంగా రాదు, నిజమే.

దాదాపు ఎవరూ రాయని ఖర్చులు రెండున్నాయి. ఒకటి కరెంటు: ఎండాకాలం కోతల్లో యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్‌లు పెడితే హార్డ్ డిస్కులు పోతాయి. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఎప్పటికీ ఉండేది కాదు, కొన్నేళ్లకి మార్చాలి. రెండోది జీఎస్టీ. చాలా ఎన్జీవోలకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని సర్దుబాటు చేసుకునే వీలు) రాదు కాబట్టి అది పూర్తిగా ఖర్చే. కొటేషన్ కింద చిన్న అక్షరాల్లో "పన్నులు అదనం" అని ఉందేమో చూడండి.

హెచ్చరిక: మీ ఆఫీసులో తీసేసిన లాప్‌టాప్‌లు ఇద్దామనుకుంటున్నారా? విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 రావాలంటే ప్రాసెసర్ ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే, పైగా టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. అంతకన్నా పాతవైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి, కొత్త బ్యాటరీ పెట్టించి ఇవ్వండి. కేరళ ప్రభుత్వ బడుల్లో కంప్యూటర్ల పని చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ కైట్ ఏళ్లుగా లినక్స్‌తోనే నెట్టుకొస్తోంది, అదేం తక్కువ కాదు. బ్యాటరీ నిలవని లాప్‌టాప్‌ని అలాగే ఇస్తే అది దానం కాదు, మీ ఈ-వేస్ట్ ఖర్చు వాళ్ల నెత్తిన రుద్దడం.

5. ఉన్నదానితో జరగదా అని అడగండి

కొత్త సాఫ్ట్‌వేర్ అడిగినప్పుడల్లా ఈ వరస చూడండి:

- పని ఒక గూగుల్ షీట్, ఒక వాట్సాప్ గ్రూపుతో జరిగిపోతుందా? వందమంది లోపు లబ్ధిదారులైతే చాలాసార్లు జరుగుతుంది.
- ఊరూరూ తిరిగి వివరాలు రాయడమే పనైతే కోబో టూల్‌బాక్స్, ఓడీకే లాంటి ఫారాలు నింపే యాప్‌లు ఉన్నాయి. సిగ్నల్ లేకపోయినా నింపుకుని తర్వాత పంపొచ్చు. ప్రశ్నలు తెలుగులో పెట్టుకోవచ్చు.
- ఒకే కుటుంబాన్ని నెలల తరబడి వెంబడించే పనైతే అవ్ని లాంటి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) వేదికలున్నాయి.
- మెయిల్, డ్రైవ్ కావాలంటే గూగుల్ ఫర్ నాన్‌ప్రాఫిట్స్‌లో అర్హత ఉన్న సంస్థలకి ఉచితంగా వస్తుంది.

ఇవన్నీ చూశాం, ఇదిగో ఈ కారణాన కుదరలేదు అని సంస్థ చెప్పగలిగితే కొత్తది కట్టించడానికి అర్థం ఉంది. చూడనే లేదంటే నెల గడువిచ్చి ఒకటి వాడి రమ్మనండి. ఆ నెల రోజుల వాడకం దరఖాస్తు కన్నా ఎక్కువ చెబుతుంది.

6. సొంత యాప్ కట్టిస్తామంటే

నాకు తెలిసిన ఒక సంస్థ యాప్ రెండేళ్లు చక్కగా నడిచింది. కట్టిన కుర్రాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయాడు. డొమైన్ అతని సొంత మెయిల్ మీద ఉంది, రెన్యువల్ ఓటీపీ అతను మార్చేసిన పాత నంబరుకి పోతోంది. గడువు దాటింది, యాప్ ఆగిపోయింది. రెండేళ్ల వివరాలు వెనక్కి తెచ్చుకోవడానికి ఆ సంస్థ ఆ కుర్రాడి ఇంటికి మనిషిని పంపాల్సి వచ్చింది. మంచివాడు కాబట్టి సరిపోయింది.

అందుకని ఇవి కాగితం మీద రాయించుకోండి. డొమైన్, సర్వర్, ప్లే స్టోర్ ఖాతా సంస్థ పేరున, సంస్థ మెయిల్‌తో ఉండాలి. సోర్స్ కోడ్ సంస్థ చేతికి రావాలి. వివరాలన్నీ ఎక్సెల్‌లోకి దించుకునే బటన్ ఉండాలి, అది మీ కళ్ల ముందు నొక్కి చూపించాలి. నెలకి సర్వర్ బిల్లు ఎంతో, ఏడాది తర్వాత అది ఎవరు కడతారో చెప్పాలి. డెవలపర్ మారితే కొత్తవాళ్లకి అప్పగించడానికి ఎన్నాళ్లు పని చేస్తాడో కూడా.

ధర సరైందో కాదో తేల్చుకోలేకపోతున్నారా? మొత్తానికి ఒకే అంకె వేసిన కొటేషన్‌ని పక్కన పెట్టి, ఏ స్క్రీనుకి ఎన్ని రోజుల పని, రోజుకెంత అని విడగొట్టి ఇమ్మనండి. విడగొట్టలేనివాళ్లకి ఏం కట్టబోతున్నారో ఇంకా తెలియదు. ఆ విడగొట్టిన కాగితాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీ మేనల్లుడికో బావమరిదికో చూపించండి. తెలుగు ఇళ్లలో ఆ మనిషి దొరక్కపోవడం ఉండదు.

7. తెలుగు పరీక్ష పెట్టండి

పది నిమిషాల పని, ఎవరూ చేయరు. డెమో చూపించేటప్పుడు మూడు పేర్లు ఎక్కించమనండి: లక్ష్మీనర్సమ్మ, సుబ్రహ్మణ్యం, కృష్ణవేణి. రిపోర్ట్ పీడీఎఫ్ తీసి ప్రింట్ కొట్టమనండి. ఒత్తులు పక్కకి జారాయా? క్ష విడిపోయిందా? స్క్రీను మీద బాగుండి కాగితం మీద విరిగిపోయేవి బోలెడు.

తర్వాత వెతుకులాట. పేర్లు ఇంగ్లీషులో ఎక్కిస్తుంటే లక్ష్మిని రెండు మూడు స్పెల్లింగుల్లో రాస్తారు, ఒకే మనిషి ముగ్గురైపోతుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఇంకో తంటా. దీనికి వాళ్ల దగ్గర ఏదో ఒక పద్ధతి, కనీసం ఫోన్ నంబరుతోనో కార్డు నంబరుతోనో పట్టుకునేది, ఉండాలి.

పాత రికార్డులు ఎక్కిస్తామంటే అవి యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్నాయేమో అడగండి. ఉంటే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అంతా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. యూనికోడ్‌లోకి మార్చి, మనిషి కూర్చుని సరిచూడాలి. ఆ కూలి బడ్జెట్‌లో ఉండాలి.

8. ఎవరి వివరాలు, ఎక్కడ దాస్తారు

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, గృహహింస నుంచి బయటపడ్డవాళ్లు, పిల్లలు, వీళ్లతో పనిచేసే సంస్థైతే ఈ మెట్టు దాటకుండా రూపాయి ఇవ్వకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారంతా పిల్లలే, తల్లిదండ్రుల అనుమతి కావాలి, అదీ నిజంగా వాళ్లిచ్చిందేనని నిర్ధారించుకోవాలి. ఆ చట్టంలో గరిష్ఠ జరిమానా 250 కోట్లు.

అడగాల్సినవి: ఆధార్ నంబరు ఎందుకు తీసుకుంటున్నారు, అది లేకుండా పని జరగదా? ఉద్యోగం మానేసినవాళ్ల లాగిన్ ఎవరు తీసేస్తారు? ఆఫీసులో అందరికీ ఒకే పాస్‌వర్డా? మానిటర్ మీద అంటించిన చీటీ చూస్తే మూడో దానికి జవాబు మీకే దొరుకుతుంది.

మనం చేసే తప్పూ ఒకటుంది. రిపోర్టులో లబ్ధిదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫొటోలు జతచేయమని అడుగుతాం. అడక్కండి. లెక్కలు చాలు.

9. విడతలుగా ఇవ్వండి, షరతులు రాసుకోండి

మొదటి విడతలో నాలుగైదు పరికరాలు, శిక్షణ, కోఆర్డినేటర్ జీతం. మూడు నెలలు నడిచాక మిగతావి. ఎంఓయూలో (ఒప్పంద పత్రంలో) ఈ రెండు మాటలు తప్పకుండా ఉండనివ్వండి: మామూలు వాడకంలో పగిలినా, పాడైనా సిబ్బంది జీతంలోంచి కోయకూడదు, రిపేరు నిధి లోంచి బాగు చేయించాలి. పోయినా, దొంగతనం జరిగినా ఏం చేయాలో విడిగా రాసుకోవచ్చు.

మీ కంపెనీ సాఫ్ట్‌వేరే వాడాలనీ, మీ డ్యాష్‌బోర్డులోనే కనిపించాలనీ షరతు పెట్టకండి. పెట్టి తీరాలంటే ఆ అదనపు పనికి జీతం కూడా మీరే ఇవ్వండి.

10. ఇచ్చాక ఎలా చెక్ చేయాలి

యుటిలైజేషన్ సర్టిఫికెట్ డబ్బు ఖర్చయిందని చెబుతుంది, వాడుతున్నారని చెప్పదు. రిబ్బన్ కటింగ్ ఫొటో అదీ చెప్పదు.

మూడో నెల: వీడియో కాల్ చేసి, డైరెక్టరు కాకుండా రోజూ వాడే మనిషిని నిన్నటి ఎంట్రీ ఒకటి చూపించమనండి, పేరు కనపడకుండా. కొత్త ఎంట్రీ ఒకటి మీరు చూస్తుండగా ఎక్కించమనండి. చేతులు తడబడకుండా రెండు నిమిషాల్లో అయిపోతే శిక్షణ పనిచేసింది. లాగిన్ల జాబితాలో తేదీలు చూడండి. అన్నీ నెలాఖరు ఒకటి రెండు రోజుల్లోనే ఉంటే, పుస్తకంలో రాసి తర్వాత ఎవరో ఒకరు కూర్చుని ఎక్కిస్తున్నారన్నమాట.

ఆరో నెల: వెళ్లండి. ఉదయం ఫోన్ చేసి మధ్యాహ్నానికి చేరేలా వెళ్తే మర్యాదా పోదు, బీరువా సర్దే టైమూ ఉండదు. ఛార్జర్ వైర్లు చూడండి, మెడ దగ్గర నలిగి ఉన్నాయా, కొత్తగా చుట్టలాగే ఉన్నాయా. పాత రిజిస్టరు తెప్పించి చివరి ఎంట్రీ తేదీ చూడండి.

ఏడాదికి: 2వ మెట్టులో రాసుకున్న ఇబ్బంది తీసి పక్కన పెట్టండి. ఐదు వారాలన్నది ఎన్ని వారాలైంది? ఇద్దరు రెండ్రోజులన్నది ఎంతైంది? ఈ రెండంకెలు చాలు. "డిజిటల్ అక్షరాస్యత పెరిగింది" అన్న వాక్యానికి మార్కులు వేయకండి. కంపెనీల విషయంలో, గత మూడేళ్ల సగటు సీఎస్‌ఆర్ బాధ్యత 10 కోట్లు గానీ ఎక్కువ గానీ ఉండి, ప్రాజెక్టు కోటి గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితేనే బయటివాళ్ల చేత ప్రభావ అంచనా తప్పనిసరి. చిన్నవాళ్లు దానికి కన్సల్టెంట్‌ని పెట్టి డబ్బు పోగొట్టుకోవద్దు.

ఏడాదికీ పని సాగకపోతే? సంస్థని దోషిలా నిలబెట్టకండి, ఈసారి నిజం దాస్తారు. ఎందుకు ఆగిందో అడిగి, పరికరాల్ని పనికొచ్చే ఇంకో సంస్థకి మార్చడానికి ఒప్పించండి. మార్చే ముందు అందులోని వివరాలన్నీ తుడిచేశారో లేదో చూడండి.

ఆ హాస్టల్ సంగతి చెప్పలేదు కదూ. జీతం కోసే షరతు కొట్టేయించి, రిపేరుకని ముప్పై వేలు విడిగా పెట్టాం. మరుసటేడు వెళ్తే బీరువాలో దుప్పట్లున్నాయి. ట్యాబ్‌ల కోసం అడిగితే వార్డెనమ్మ "పిల్లల దగ్గరున్నాయి సార్, నాలుగు పగిలినాయి, రెండు బజారుకి పంపించినా" అంది. పగిలిన వాటిలో ఒకదానికి సెల్లోటేపు అంటించి ఓ పిల్ల లెక్కలు చేసుకుంటోంది.